చిన్న చైన్‌సా ట్యూనింగ్‌కు ముందు జాగ్రత్తలు

• ఇంజిన్ చల్లారాక స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. చైన్ మీద చెయ్యి వేసేది ఆ తర్వాతే, అదీ గ్లౌజులతో.

• కోత మందగిస్తే తప్పు చాలాసార్లు ఇంజిన్‌ది కాదు, చైన్‌ది. పేళ్లకు బదులు పిండిలాంటి పొడి రాలుతుంటే పళ్లకు గుండ్రటి ఆకురాయి పట్టండి. చిన్న చైన్లకు సాధారణంగా రేకర్ (పంటి ముందుండి కోత లోతును అదుపు చేసే బొడిపె) పంటికన్నా 0.65 మి.మీ. కిందుంటే చాలు, ఇంకా అరగదీస్తే రంపం వెనక్కి తన్నే ప్రమాదం పెరుగుతుంది.

• సైలెన్సర్ రంధ్రం పెంచితే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి-పెట్రోలు మిశ్రమం పలచబడుతుంది, అంటే పెట్రోలు పాలు తగ్గుతుంది. హెచ్ స్క్రూ (ఫుల్ స్పీడులో పెట్రోలును సరిచేసే కార్బురేటర్ స్క్రూ) కాస్త వదులు చేయకపోతే పిస్టన్ వేడెక్కి బిగుసుకుపోవచ్చు. నిప్పురవ్వలు ఆపే జాలీని మాత్రం దయచేసి తీయకండి, ఎండాకులకు ఒక్క రవ్వ చాలు.

• ఎయిర్ ఫిల్టర్ శుభ్రంగా, పెట్రోలు-ఆయిల్ మిశ్రమం తాజాగా ఉన్నాకే కార్బురేటర్ ముట్టుకోండి.

• ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడుస్తున్నప్పుడు, చైన్ కదిలితే ఆ రంపంతో కోయొద్దు.