కథ రాద్దాం – 4: కుర్చీకి దిగులు ఉండదు

పోయిన పాఠంలో గదిలోని ఒక వస్తువును వర్ణించమన్నాను, మీ మనసులో ఏముందో ఎక్కడా చెప్పకుండా. పంపినవాళ్లలో చాలామంది ఒకే చోట జారారు. "మూలన ఒంటరిగా కూర్చున్న కుర్చీ", "నీరసంగా తిరుగుతున్న ఫ్యాన్", "దిగులుగా వేలాడుతున్న చొక్కా". అందుకే ఈసారి మొదలుపెడదామనుకున్న సంభాషణలు వాయిదా. ఇది తేలకుండా ముందుకెళ్లి లాభం లేదు.

ఫ్రెంచ్ రచయిత అలెన్ రోబ్-గ్రియే 1958లో సరిగ్గా ఈ అలవాటు మీదే వ్యాసం రాశారు. లోయలో ఊరు "ఒదిగి" ఉందనడం ఆయనకు గిట్టదు. ఊరు లోయలో ఉంది, అంతే. ఒదిగింది అన్నామా, ఊరికి ప్రాణం వచ్చింది, లోయకు ఒడి వచ్చింది, లోకమంతా మన బాధలో పాలు పంచుకుంటోందని ఒప్పేసుకున్నాం. "దయలేని ఎండ", "ఠీవిగా నిలిచిన కొండ" కూడా అంతే. ఎండకు దయ ఉండదు, కాబట్టి దయ లేకపోవడమూ ఉండదు. పోలిక అందంగా ఉందా లేదా అన్నది ఇక్కడ ప్రశ్నే కాదు. కుర్చీ ఒంటరిదని మీరే చెప్పేస్తే, ఆ గదిలోకి వచ్చిన పాఠకుడికి చూడ్డానికి ఏం మిగిలింది?

అలాగైతే సామాన్ల లిస్టులా ఉండదా అని కొందరి టెన్షన్. రోబ్-గ్రియే 1957 నవల 'లా జలూజీ' (అసూయ అని అర్థం) చూడండి. అరటితోట మధ్య ఇల్లు. చెప్పేవాడు భర్త, కానీ "నేను" అన్న మాటే రాదు. వసారాలో భార్య కుర్చీ, పొరుగు తోట యజమాని ఫ్రాంక్ కుర్చీ పక్కపక్కనే ఉన్నాయని చెబుతాడు. ఫ్రాంక్ గోడమీది జెర్రిని నలిపేస్తాడు. ఆ మరక మళ్లీ మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా వివరాలు మారుతుంటాయి. భార్య మీద భర్తకున్న అనుమానమంతా ఆ మార్పులోనే ఉంది. అరటిచెట్లను వరుసలవారీగా లెక్కపెట్టడమూ ఉంది. రోబ్-గ్రియే చదివింది వ్యవసాయ శాస్త్రం, కరీబియన్ దీవి మార్టినిక్‌లో అరటితోటల్లో పనిచేశారు కూడా. ఆ లెక్కల పేజీలు దాటేయకండి.

నా పద్ధతొకటి: రాయడం అయ్యాక "గా"తో ముగిసే మాటలన్నిటికీ సున్నా చుడతాను. "అడ్డంగా" ఉంటుంది, "దిగులుగా" పోతుంది. కొలత చెప్పే పోలికల్ని మాత్రం నేను కొట్టేయను. "రూపాయి బిళ్లంత మరక" నాకు సమ్మతమే.

అభ్యాసం: ఇద్దరు గొడవపడి వెళ్లిపోయిన గది. మనుషులు కనిపించకూడదు, "నేను" ఉండకూడదు. ఒకే వస్తువును మూడుసార్లు చూపండి, ప్రతిసారీ ఒక్క వివరం మార్చి. ముందు వెళ్లిందెవరో చదివేవాళ్లకు తెలియాలి.