గేర్‌బాక్స్ టెంపరేచర్ గేజ్ పెట్టే ముందు ఇవి చూస్కోండి
ఆటోమేటిక్ బండికి గేజ్ కొనుక్కుని ఆటోనగర్ వెళ్ళినా, ఇంట్లోనే పెట్టుకున్నా జాగ్రత్తలు ఇవే.

బెజవాడ ఎండలో తిరిగొచ్చిన బండి కిందకి వెంటనే దూరొద్దు, ఆయిల్ చల్లారాలి. ఒట్టి జాకీని నమ్ముకోవద్దు, స్టాండ్లు పెట్టాల్సిందే, చక్రాలకి అడ్డం కూడా. బ్యాటరీ నెగటివ్ తీసేయండి.

అసలు సంగతి సెన్సర్ ఎక్కడ అనేది. పాన్‌లో (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) పెడితే లోపలున్న ఆయిల్ వేడి తెలుస్తది, ఆయిల్‌ని చల్లబరిచే కూలర్‌కి వెళ్ళే లైన్‌లో పెడితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడుని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించేది) నుంచి వచ్చే వేడి, ఆ నంబర్ ఎక్కువే చూపిస్తది, కంగారుపడకండి. పాన్‌కి డ్రిల్ వేస్తానంటే ఊడదీశాకే వేయమనండి, ఎంత తొందరున్నా సరే, ఇనుప రజను లోపల పడిందా వాల్వ్ బాడీ (ఆయిల్‌ని మళ్ళించి గేర్లు మార్చే భాగం) గోవిందా! సెన్సర్ కొస ఫిల్టర్‌కి తగలకూడదు, కొలిచి చూస్కోండి.

ఒక్క వైరు సెన్సర్ అయితే దానికి ఎర్త్ సెన్సర్ బాడీ నుంచే, అందుకే దాని మరల (థ్రెడ్ల) మీద టెఫ్లాన్ టేప్ మందంగా చుట్టేస్తే రీడింగ్ తేడా కొడతది. వైరుకి ఫ్యూజు మర్చిపోవద్దు, సైలెన్సర్ పైపుకి దూరంగా లాగండి. ఆయిల్ మాత్రం మాన్యువల్‌లో రాసిందే పొయ్యండి.

మామూలుగా 80 నుంచి 95 డిగ్రీలు ఉంటది, 120 దాటితే పక్కన ఆపి పార్క్‌లో పెట్టండి, ఇంజిన్ ఆపొద్దు, ఆయిల్ కూలర్‌లో తిరగాలి.