బావి రిపోర్టు చదువుదాం – 3వ పాఠం: లోతు కదలని రోజులు

చమురు బావి పనిలో స్పడ్ (తవ్వకం మొదలు) నుంచి రిగ్ రిలీజ్ (పని ముగిసి రిగ్‌ని వదలడం) దాకా వచ్చే మాటలు పోయిన పాఠంలో చూశాం. ఈసారి రోజువారీ డ్రిల్లింగ్ రిపోర్టునే ముందు పెట్టుకుందాం. విశాఖలో పెట్రోలియం కోర్సు చదివేవాళ్లయినా, సప్లయ్ బోట్లు చూసే ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లయినా ముందు వెతికేది అర్ధరాత్రికి బావి చేరిన లోతు. నిన్న 2,850 మీటర్లు, ఇవాళా 2,850. పని ఆగిపోయిందనుకుంటారు. చాలాసార్లు ఆగదు.

లోతు గడి వదిలి గంటల పట్టిక చదవండి. అభ్యాసం కోసం తయారుచేసిన ఒక రోజు, జాకప్ రిగ్‌ది (సముద్రంలో కాళ్ల మీద నిలబడే రిగ్):

00:00–06:00 డ్రిల్ స్ట్రింగ్ (తవ్వే పైపుల వరస) పుల్ అవుట్ (పైకి లాగడం)
06:00–08:00 కేసింగ్ (బావి గోడకి దన్నుగా ఉండే ఉక్కు పైపు) దించే సామాను బిగింపు
08:00–22:00 9 5/8 అంగుళాల కేసింగ్ దింపుడు, షూ (కేసింగ్ అడుగు కొస) 2,845 మీ.
22:00–24:00 మడ్ (తవ్వకంలో వాడే బురద ద్రవం) సర్క్యులేషన్

కేసింగ్ జాయింట్, అంటే ఒక్కో పైపు ముక్క, సుమారు 12 మీటర్లుంటుంది. అంటే 237 జాయింట్లు 14 గంటల్లో దిగాయి, గంటకి 17. మంచి పనే. అదే గంటకి ఆరో ఏడో అయితే రిమార్కుల్లో కారణం వెతకాలి: థ్రెడ్ దెబ్బతిని జాయింట్లు పక్కన పెట్టారా, బావి ఇరుకై కేసింగ్ మధ్యలో ఆగిందా, మడ్ రాతిలోకి ఇంకిపోతోందా? షూ కింద మిగిలిన 5 మీటర్లు కావాలని వదిలినవే, దాన్ని రాట్ హోల్ అంటారు. 60 మీటర్లు మిగిలితే మాత్రం కేసింగ్ అడుగుదాకా వెళ్లలేదని అర్థం.

మర్నాడు సిమెంటింగ్, అది గట్టిపడేదాకా నిరీక్షణ, బీఓపీ (బావి నోటిని మూసే వాల్వులు) టెస్ట్. మూడో రోజు లోతు 2,854. నాలుగే మీటర్లని తీసిపారేయకండి. షూ దాటాక కొత్త రాయి ఎంత ఒత్తిడికి తట్టుకుంటుందో కొలిచే లీక్-ఆఫ్ టెస్ట్ కోసం అంతే తవ్వి ఆపుతారు.

ఇవన్నీ ప్లాన్‌లో ఉన్న గంటలు. టాప్ డ్రైవ్ (పైపుని పైనుంచి తిప్పే మోటారు) చెడిపోవడం, పైపు ఇరుక్కోవడం, బీఓపీ టెస్ట్ ఫెయిలై మళ్లీ చేయడం లాంటివి ఎన్‌పీటీ, అంటే ప్లాన్‌లో లేని వృథా గంటలు. సిమెంట్ కోసం ప్లాన్ 12 గంటలై, 20 పడితే, ఎన్‌పీటీలోకి వెళ్లేది 8 మాత్రమే. మొత్తం 20 రాసేయడం కొత్తవాళ్లు చేసే తప్పు.

వాతావరణ నిరీక్షణకి కొన్ని కంపెనీలు వేరే కోడ్ పెడతాయి, కొన్ని ఎన్‌పీటీలోనే కలుపుతాయి. రెండు రిపోర్టులు పోల్చేముందు ఇది అడిగి తెలుసుకోండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటింది. అలాంటి తుపానుకి గాలి రాకముందే బావిని భద్రపరచి మనుషుల్ని దించాలి కాబట్టి, ఆ గంటలు తీరం దాటకముందే మొదలై, బోట్లు మళ్లీ కదిలేదాకా సాగుతాయి.

లోతు గడిలో ఇంకో ఉచ్చు ఉంది. ఏటవాలు బావిలో పైపు పొడవు 2,850 మీటర్లయితే నిట్టనిలువు లోతు 2,600 కావచ్చు. మడ్ బరువు నీటికి 1.25 రెట్లయితే అడుగున ఒత్తిడి 1.25 × 2,600 ÷ 10 = 325 కిలోలు, చదరపు సెంటీమీటరుకి. పైపు పొడవు వేస్తే 356 వస్తుంది. లేని 31 కిలోలు ఉన్నాయనుకుంటే, గ్యాస్ పొర తోసుకొచ్చేటప్పుడు మడ్ చాలదన్న సంగతే కనబడదు.

వచ్చే పాఠానికి: పైన ఇచ్చిన రోజులో 10:00 నుంచి 14:00 దాకా క్రేన్ చెడి కేసింగ్ ఆగిందనుకోండి. ఎన్‌పీటీ ఎంత? మిగతా గంటల్లో గంటకి ఎన్ని జాయింట్లు దిగాయి? లెక్క కట్టి ఉంచండి.