అమెరికా హైస్కూల్లో ప్రెప్పీ బట్టలు, గ్రూపులు, డబ్బు తేడాలు: కొత్తగా వచ్చిన తెలుగు కుటుంబాలు ఏం చేయాలి

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో పిల్లల్ని తీసుకొచ్చి అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఫ్రిస్కోలోనో ఎడిసన్‌లోనో ఆల్ఫరెటాలోనో తొమ్మిదో క్లాసులో చేర్పించే తల్లిదండ్రులు ముందుగా అడిగేది మ్యాథ్స్ లెవెల్ గురించి, ఆ తర్వాత స్కూల్ బస్సు గురించి. బట్టల సంగతి ఎవరూ అడగరు. ఇన్నాళ్లూ యూనిఫాం ఉండేది కాబట్టి అదొక విషయంలాగే అనిపించదు. ఇక్కడ చాలా పబ్లిక్ హైస్కూళ్లలో యూనిఫాం ఉండదు, రోజూ ఏం వేసుకోవాలో పిల్లలే తేల్చుకోవాలి, ఎదుటివాళ్లు ఆ బట్టలు చూసే వీళ్లింట్లో డబ్బుందా లేదా, వీళ్లు మనతో కలుస్తారా లేదా అని మొదటి వారంలోనే ఒక అంచనాకి వచ్చేస్తారు. అది అన్యాయమే. కానీ జరుగుతుంది. ఆ అంచనాలు ఎలా వేస్తారో ముందే తెలిస్తే తక్కువ ఖర్చుతో ఆ గొడవ దాటేయొచ్చు, మిగిలిన ఓపిక స్నేహాల మీద పెట్టొచ్చు. ఇది రాయడం అందుకే.

ముందు ఏ ప్రెప్పీ అడుగుతున్నారో కనుక్కోండి

మీ అమ్మాయి "నాకు ప్రెప్పీ బట్టలు కావాలి" అంటే వెంటనే షాపుకి బయల్దేరకండి. ఇప్పుడు ఆ పేరుతో రెండు వేర్వేరు ఫ్యాషన్లు నడుస్తున్నాయి.

పాతది న్యూ ఇంగ్లండ్‌లోని, అంటే అమెరికా ఈశాన్య మూల రాష్ట్రాల్లోని, ప్రైవేట్ బోర్డింగ్ స్కూళ్ల నుంచి వచ్చింది. పిల్లల్ని కాలేజీకి తయారుచేసే ఈ స్కూళ్లని ప్రెప్ స్కూళ్లంటారు, ప్రెప్పీ అన్న పేరు అందులోంచి వచ్చిందే. 1778లో పెట్టిన ఆండోవర్ ఫిలిప్స్ అకాడమీ, 1781లో పెట్టిన ఎక్సిటర్ లాంటివి, డబ్బున్న కుటుంబాల పిల్లలు అక్కడ చదివి హార్వర్డ్‌కో యేల్‌కో వెళ్లేవాళ్లు. కాలర్ అంచులకి గుండీలుండే ఆక్స్‌ఫర్డ్ చొక్కా, పోలో షర్ట్, చీనో అనే కాటన్ ప్యాంటు, జడ అల్లిక స్వెటర్, నేవీ బ్లూ బ్లేజర్, లోఫర్లు అనే లేసుల్లేని షూస్, బోట్ షూస్ వాళ్ల బట్టలు. వీటిలో చాలావాటి వెనక ఏదో ఒక తీరుబడి ఆట ఉంటుంది. ఆ గుండీల కాలర్‌ని 1896లో బ్రూక్స్ బ్రదర్స్ ఇంగ్లండ్ పోలో ఆటగాళ్ల చొక్కాలు చూసి తయారు చేసింది. బోట్ షూస్‌ని 1935లో పాల్ స్పెర్రీ తడి పడవ మీద కాలు జారకుండా ఉండాలని చేశాడు. అంటే మా ఇంట్లో పడవ ఉంది, టెన్నిస్ కోర్టు ఉంది, ఆడుకోవడానికి టైం కూడా ఉంది అని చెప్పకుండానే చెప్పే బట్టలు ఇవి. పిల్లలకి ఇంకో సంగతి కూడా చెప్పండి: ఈ స్టైల్‌ని ప్రపంచమంతా అమ్మిన రాల్ఫ్ లారెన్ ఆ స్కూళ్లలో చదివినవాడు కాదు, న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో వలస వచ్చిన యూదు కుటుంబంలో పుట్టి 1967లో టైలు అమ్ముతూ మొదలుపెట్టాడు. ఇది ఎవరి తాతగారి ఆస్తీ కాదు, కొత్తగా వచ్చినవాళ్లూ నిక్షేపంగా వేసుకోవచ్చు.

రెండోది ఇప్పటి మిడిల్ స్కూల్, హైస్కూల్ అమ్మాయిలది. గులాబీ రంగు, స్మైలీ బొమ్మలు, లులులెమన్ బ్రాండ్ లెగ్గింగ్స్, స్టాన్లీ టంబ్లర్ అనే పెద్ద నీళ్ల గ్లాసు, సెఫోరా అనే మేకప్ షాపు నుంచి తెచ్చిన క్రీములు. పోలో ఆటకీ దీనికీ సంబంధం లేదు. మీరు పాతది అనుకుని నేవీ బ్లూ బ్లేజర్ కొనుక్కొస్తే అది అల్మారాలోనే ఉండిపోతుంది.

మొదటి రెండు వారాలు ఏమీ కొనకండి

ఇండియాలో బయల్దేరే ముందు సూట్‌కేసు నిండా మెరిసే పార్టీ షర్ట్‌లు, ఫార్మల్ ప్యాంట్లు కొని తేవద్దు, ఇక్కడ వాటిని స్కూలుకి ఎవరూ వేసుకోరు. రెండు మూడు జీన్స్, బొమ్మల్లేని టీషర్ట్‌లు, ఒక హూడీ, ఒక జత స్నీకర్లు ఉంటే మొదటి రెండు వారాలు గడిచిపోతాయి. ఈలోపు చూడమనండి. బాగా డబ్బున్న గ్రూపు ఏం వేసుకుందో కాదు, క్లాసులో మామూలుగా తిరిగే పది మంది ఏం వేసుకున్నారో చూడాలి. అదే మీ కొలత. టెక్సస్ శివార్లలోని స్కూల్లో స్పోర్ట్స్ టీషర్ట్, షార్ట్స్ వేసుకునేవాళ్లే ఎక్కువ కనపడొచ్చు, కనెక్టికట్ స్కూల్లో మెడ దగ్గర సగం వరకే జిప్ ఉండే క్వార్టర్ జిప్ స్వెటర్లు కనపడొచ్చు, అందుకే ఇంకో రాష్ట్రంలో ఉన్న కజిన్ చెప్పిన లిస్టు పట్టుకుని కొనకూడదు.

ఆ తర్వాత ఏం కొనాలంటే, పాత పద్ధతి ప్రెప్పీకి నా లెక్క ఇది: తెలుపు లేదా లేత నీలం ఆక్స్‌ఫర్డ్ చొక్కా ఒకటి, పోలోలు రెండు, ఖాకీ రంగు చీనో ఒకటి, నేవీ స్వెటర్ ఒకటి. ఇవి ఒకదానితో ఒకటి ఎలా కలిపినా నప్పుతాయి. లోగో కంటే ఫిట్టింగ్ ముఖ్యం, ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. భుజం కుట్టు భుజం చివరే ఉండాలి, ప్యాంటు మడమల కింద పోగుపడకూడదు. పొడుగవుతాడు కదా అని రెండు సైజులు పెద్దవి కొనే అలవాటు మనకుంది, చిన్న పిల్లలకైతే పరవాలేదు, పదిహేనేళ్లవాడికి మాత్రం క్లాసులో అదే మొదట కనపడుతుంది. పొడుగు ప్యాంటు కొన్నా ఇంట్లో అంచు మడిచి కుట్టేయండి. చొక్కాకి ఇస్త్రీ ఉండాలి.

రాల్ఫ్ లారెన్ పోలో కొత్తది మామూలు ధరకి కొంటే నూరు డాలర్లు దాటుతుంది. అదే పోలో వాడిన వస్తువులు అమ్మే గుడ్‌విల్ షాపులో చాలా తక్కువకి దొరుకుతుంది, అదీ డబ్బున్న శివారులోని గుడ్‌విల్‌కి వెళ్తే, ఎందుకంటే చుట్టుపక్కల వాళ్లు పడేసేవే అక్కడికి వస్తాయి. వాడిన బట్టలు అమ్మే పోష్‌మార్క్, థ్రెడప్ వెబ్‌సైట్లు, ప్లేటోస్ క్లోజెట్ షాపులు కూడా చూడండి. వాడిన బట్టలంటే మన ఇళ్లలో చాలామంది ముఖం చిట్లిస్తారు, ఇక్కడ మాత్రం డబ్బున్న పిల్లలే సరదాగా అలాంటి షాపులు తిరిగే థ్రిఫ్టింగ్‌కి వెళ్తారు, అందులో పరువు పోయేదేమీ లేదు. తెచ్చాక వేడినీళ్లలో ఒకసారి ఉతికేయండి, ఉన్ని స్వెటర్ అయితే చన్నీళ్లలో. అవుట్‌లెట్ మాల్స్‌కి వెళ్లేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, కొన్ని బ్రాండ్లు అక్కడి కోసమే వేరే చవక రకం కుట్టిస్తాయి, కాబట్టి ట్యాగ్ మీద కొట్టేసిన పాత ధర చూసి మోసపోకుండా గుడ్డ పట్టుకుని చూడండి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియాలో మామూలు బట్టల మీద సేల్స్ ట్యాక్స్ లేదు. టెక్సస్‌లో ఆగస్టులో ఒక వీకెండ్ నూరు డాలర్లలోపు బట్టలకి, షూస్‌కి ట్యాక్స్ తీసేస్తారు, షాపింగ్ ఆ రోజులకి అట్టిపెట్టుకోండి.

ఇండియా నుంచి తెచ్చుకోదగ్గది ఒకటుంది. వేసవిలో ప్రెప్పీ పిల్లలు వేసుకునే గళ్ల షార్ట్స్‌ని, చొక్కాల్ని మద్రాస్ అంటారు, అది మన మద్రాసే. 1950ల చివర్లో ఉతికిన ప్రతిసారీ రంగు వదిలే ఆ నేత గుడ్డని అమెరికాలో అదే ప్రత్యేకత అని చెప్పి అమ్మారు. ఒకప్పుడు చీరాల మగ్గాల మీద నేసిన మద్రాస్ రుమాళ్లు ఆఫ్రికా దాకా వెళ్లేవి. ఊళ్లో చేనేత గళ్ల కాటన్ గుడ్డ తీసుకుని, గుండీల కాలర్ పెట్టమని టైలర్‌కి ఫొటో చూపించి రెండు చొక్కాలు కుట్టించుకోండి. ఇక్కడ బ్రాండ్ పేరుతో కొనేదానికంటే గుడ్డ బాగుంటుంది, ఖర్చూ తక్కువే. మొదట్లో విడిగా ఉతకాలి.

ఇంకో విషయం మొహమాటం లేకుండా చెప్పాలి. అపార్ట్‌మెంట్లలో వంటిల్లు హాల్లోకి తెరిచే ఉంటుంది, పోపు వాసన జాకెట్లకి, స్వెటర్లకి పట్టేస్తుంది, స్కూల్లో ఏడిపించడానికి కొందరు పిల్లలు దాన్నే పట్టుకుంటారు. మన వంటలో తప్పేమీ లేదు, పిల్లలు దానికి సిగ్గుపడేలా పెంచకండి. కోట్లు, బ్యాగు బెడ్‌రూం క్లోజెట్‌లో పెట్టి తలుపు వేసి, పోపు పెట్టేటప్పుడు ఎగ్జాస్ట్ ఆన్ చేస్తే సరిపోతుంది.

బట్టల వెనక ఉన్న తరగతి సంగతి

2006లో అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ అనే బట్టల కంపెనీ సీఈఓ మైక్ జెఫ్రీస్ ఒక ఇంటర్వ్యూలో తమ బట్టలు కూల్‌గా, అందంగా ఉండే పిల్లలకేననీ, చాలామంది వీటికి తగరనీ ఓపెన్‌గా చెప్పాడు. ఆ కంపెనీ మీద నల్లజాతి, లాటినో, ఆసియన్ యువత వేసిన వివక్ష కేసు 2004లో కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. 2008లో ఓక్లహామాలోని టల్సాలో అదే కంపెనీ షాపులో ఉద్యోగానికి వెళ్లిన 17 ఏళ్ల ముస్లిం అమ్మాయికి హిజాబ్ వేసుకుందని ఉద్యోగం ఇవ్వలేదు, ఆ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒక వైపు, ఒక్కరు ఒక వైపుగా ఆమెకి అనుకూలంగా తీర్పిచ్చింది. ఇవి పిల్లలతో మాట్లాడండి. తమని పక్కన పెట్టినప్పుడు లోపం తమలో ఉందని పిల్లలు అనుకుంటారు. పక్కన పెట్టడం మీదే వ్యాపారం నడిపినవాళ్లు ఉన్నారని తెలిస్తే ఆ బాధ కొంత తగ్గుతుంది.

హైస్కూల్లో గ్రూపులు ఊరికే ఏర్పడవు. పెనెలోపి ఎకర్ట్ అనే భాషాశాస్త్రవేత్త 1980లలో డెట్రాయిట్ శివారు హైస్కూళ్లలో పిల్లల మధ్య గడిపి గమనించింది ఏమిటంటే, కాలేజీకి వెళ్లే దారిలో ఉండి స్కూల్ కార్యక్రమాలన్నీ నడిపే గ్రూపులో ఎక్కువమంది మధ్యతరగతి ఇళ్ల పిల్లలు, స్కూలంటే గిట్టక బయట తిరిగే గ్రూపులో ఎక్కువమంది కార్మికుల ఇళ్ల పిల్లలు, జీన్స్ అంచు వెడల్పుని బట్టి కూడా ఎవరు ఎటువైపో తెలిసేది. బ్రాండ్లు మారాయి గానీ ఇప్పుడూ అంతే. క్లబ్ స్పోర్ట్స్ ఫీజులు, పదహారేళ్లకి సొంత కారు, స్ప్రింగ్ బ్రేక్ ట్రిప్పులు, ఏ కాలనీలో ఇల్లు, ఇవే గ్రూపుల్ని విడగొడతాయి.

మనవాళ్లలోనూ ఇది ఉంది, దాచుకోవడం ఎందుకు. ఇండియన్ పిల్లలంతా కూర్చునే దేశీ టేబుల్ అని లంచ్‌లో ఒకటుంటుంది, మొదట్లో అక్కడ కూర్చుంటే ధైర్యంగా ఉంటుంది, కూర్చోనివ్వండి. కానీ ఇక్కడే పుట్టిన పిల్లలు కొత్తవాళ్ల యాసని వెక్కిరించడం, ఫాబ్ (ఇప్పుడే ఓడ దిగినవాడు అనే ఎగతాళి) అనడం కూడా అక్కడే జరుగుతుంది. అందరూ తలో వంటకం తెచ్చుకునే వీకెండ్ పాట్‌లక్‌లకి ఏ ఊరు, ఏ కులం, సొంతిల్లా అపార్ట్‌మెంటా అని చూసి పిలిచే పెద్దలుంటే వాళ్ల పిల్లలు సోమవారం స్కూల్లో అదే చేస్తారు. దయచేసి మీరు అలా చేయకండి, కొత్తగా వచ్చిన కుటుంబాన్ని పిలవండి.

గ్రూపులోకి ఎలా వెళ్లాలి

బట్టలు ఒక్క చూపు వరకే, స్నేహం మాత్రం రోజూ ఒకే చోట ఒకే పని చేస్తేనే కుదురుతుంది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2022లో కోట్ల మంది ఫేస్‌బుక్ స్నేహాల డేటా పరిశీలించి, తక్కువ ఆదాయం ఉన్న ఇళ్ల పిల్లలకి పై ఆదాయం వాళ్లతో స్నేహాలు ఎక్కువగా ఉన్న ఊళ్లలో ఆ పిల్లలు పెద్దయ్యాక పైకి రావడం కూడా ఎక్కువని చూపించింది. పెద్ద పెద్ద స్కూళ్లలో పిల్లలు తమ తరగతి వాళ్లతోనే ఉండిపోతారనీ, చిన్న గుంపుల్లో ఎక్కువ కలుస్తారనీ కూడా అందులో ఉంది. అందుకే రెండు మూడు వేల మంది ఉన్న స్కూల్లో ముందు ఒక చిన్న గుంపు వెతుక్కోవాలి.

ఏది ఎంచుకోవాలంటే, క్రాస్ కంట్రీ, ట్రాక్ అనే పరుగు టీముల్లో చాలా స్కూళ్లు వచ్చినవాళ్లందర్నీ తీసుకుంటాయి, ఖర్చు ఒక జత షూస్. నాటకాల క్లబ్‌లో లైట్లు, సెట్లు చూసుకునే పని సిగ్గరి పిల్లలకి చాలా బాగుంటుంది. మార్చింగ్ బ్యాండ్‌లో అయితే స్కూల్ తెరవకముందే వేసవి చివర్లో క్యాంప్ మొదలవుతుంది, మొదటి రోజుకే తెలిసిన ముఖాలు ఉంటాయి, కాబట్టి జూలైలోనే స్కూల్‌కి ఈమెయిల్ పెట్టండి. రోబోటిక్స్, డిబేట్‌లలో మనవాళ్లు ఎలాగూ ఎక్కువే, వాటితో పాటు మనవాళ్లు తక్కువగా ఉన్నది ఇంకొకటి కూడా చేర్చండి.

డబ్బు గురించి ఇంట్లో స్పష్టంగా మాట్లాడండి. తల్లిదండ్రుల హెచ్-1బీతో వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్న పిల్లలకి పార్ట్‌టైం ఉద్యోగం చేసే హక్కు లేదు, పక్కవాడు చిక్-ఫిల్-ఎ ఫాస్ట్‌ఫుడ్ షాపులో పనిచేసి స్నీకర్లు కొనుక్కుంటుంటే మనవాడు ప్రతి డాలర్‌కీ మిమ్మల్నే అడగాలి, అది వాడికి చాలా కష్టంగా ఉంటుంది. సెమిస్టర్‌కి ఇంత అని చెప్పి ఒకేసారి చేతికివ్వండి, దాంట్లో స్టాన్లీ కొంటాడో హోమ్‌కమింగ్ అనే స్కూల్ పండగ డ్యాన్స్ టికెట్ కొంటాడో వాడి ఇష్టం. టెక్సస్‌లో ఉంటే హోమ్‌కమింగ్‌కి మమ్ అని రిబ్బన్లు, గంటలు వేలాడే పెద్ద కృత్రిమ చామంతి పువ్వు పెట్టుకుంటారు, షాపులో కొంటే వందల డాలర్లు కూడా అవుతుంది. క్రాఫ్ట్ షాపులో సామాను కొని నలుగురు స్నేహితులు మీ ఇంట్లో కూర్చుని చేసుకోమనండి. వాళ్లకి పిలవకుండానే మీ ఇంటికి వచ్చే అలవాటు అప్పుడే మొదలవుతుంది. ప్రామ్ అనే పెద్ద స్కూల్ డ్యాన్స్‌కి టక్సీడో అనే ఫార్మల్ సూట్ అద్దెకి దొరుకుతుంది, గౌన్లు అప్పు తెచ్చుకుంటారు.

పక్కన పెట్టడం దాటి ఏడిపించడం దాకా వస్తే, అంటే యాసని, పేరుని, దేశాన్ని, మతాన్ని పట్టుకుని రోజూ వెక్కిరిస్తే, సర్దుకుపో అనకండి. గ్రూప్ చాట్ స్క్రీన్‌షాట్లు తీసి పెట్టండి, తేదీ, చోటు, ఎవరు చూశారు అన్నవి రాసుకోండి, స్కూల్ కౌన్సెలర్‌కి ఫోన్ కాకుండా ఈమెయిల్ పెట్టండి. జాతి, పుట్టిన దేశం కారణంగా వేధిస్తే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) నిధులు తీసుకునే స్కూలు పట్టించుకుని తీరాలని 1964 పౌర హక్కుల చట్టం చెబుతుంది, మీ వీసా ఏదైనా సరే. ఆ మాట ఈమెయిల్‌లో ఒక్క వాక్యంగా రాయండి. కౌన్సెలర్ నుంచి జవాబు రాకపోతే అదే ఈమెయిల్‌ని ప్రిన్సిపల్‌కి, అక్కడా రాకపోతే డిస్ట్రిక్ట్ ఆఫీసుకి పంపండి.