ఉగాండాకు వాలంటీర్‌గా పోతున్నారా? ఎండ గురించి మాత్రం టెన్షన్ వద్దు

హన్మకొండ నుంచి ఉగాండా పోతున్నా అనగానే చుట్టాలంతా అడిగింది ఒక్కటే, "అక్కడి ఎండకు తట్టుకుంటవా బిడ్డా?" అని. మే నెలలో రామగుండం ఎండ చూసినోళ్లకు ఆ భయమే అక్కర్లేదు. భూమధ్యరేఖ ఆ దేశం మీదుగానే పోతుంది నిజమే, కానీ కంపాలా చుట్టుపక్కల నేల సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉంటుంది, రాత్రయితే చల్లబడుతుంది. నేను మసాకా వైపు ఒక పల్లె బడిలో తొమ్మిది నెలలు పనిచేశా, స్వెటర్ తీసుకుపోలేదు, మొదటి వారమంతా టవల్ కప్పుకొని పడుకున్నా. ఒక స్వెటర్, ఒక గట్టి రెయిన్‌కోట్ పెట్టుకోండి. అక్కడ వానాకాలాలు రెండు, మార్చి నుంచి మే దాకా ఒకటి, సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా ఇంకొకటి.

పోయే ముందు తప్పనిసరి పని యెల్లో ఫీవర్ టీకా. హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు, ముందే ఏ రోజు రమ్మంటారో కనుక్కొని కాజీపేటలో రైలెక్కండి. ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకుంటేనే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చాలు. ఆ సర్టిఫికెట్ ఉన్న పసుపు పుస్తకం పాస్‌పోర్ట్‌తో పాటే ఉండాలి, ఎందుకంటే అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్ట్‌లోనే పట్టుకొని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టూరిస్ట్ వీసా మీద వాలంటీర్ పని చేయొచ్చని ఎవరైనా నోటిమాటగా చెబితే నమ్మకండి. ఏ పర్మిట్ తీసుకోవాలో, ఖర్చు ఎవరు పెట్టుకుంటారో మిమ్మల్ని పిలిచిన సంస్థనే రాసివ్వమనండి. నన్ను పంపినవాళ్లు "అక్కడికి పోయాక చూసుకుందాం" అన్నారు, ఆ చూసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మలేరియా మాత్రలు ఏవి వాడాలో డాక్టర్‌నే అడగండి. డాక్సీసైక్లిన్ రాస్తే రోజూ తిన్నాకే వేసుకోవాలి, తిరిగొచ్చాక కూడా 4 వారాలు ఆపకూడదు. మాత్ర వేసుకుంటున్నాం కదా అని దోమతెర మర్చిపోవద్దు. నీళ్లు మరిగించి తాగండి. విక్టోరియా సరస్సు చూడగానే దూకాలనిపిస్తుంది కానీ దూకకండి, ఆ నీళ్లలో బిల్హార్జియా పురుగు చర్మం గుండా లోపలికి పోతుంది.

ఇప్పుడు ఎవరూ ముందుగా చెప్పని సంగతి, ఇస్త్రీ. మా పక్కింటి ముసలమ్మ ఆరేసిన ప్రతి గుడ్డకూ, ఆఖరికి టవళ్లకు, లోపలి బట్టలకు కూడా బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేస్తుంటే, ఏం షోకు అనుకున్నా. ఐదో వారంలో నా నడుము దగ్గర ఒక సెగ్గడ్డ లేచింది. మధ్యలో చిన్న నల్ల చుక్క, లోపల ఏదో కదిలినట్టు దురద. నర్సమ్మ చూసి నవ్వింది, దాని మీద వాజెలిన్ మందంగా పూసి కూర్చోబెట్టింది, కాసేపటికి ఊపిరాడక పైకి తొంగిచూసిన పురుగును ఒడుపుగా లాగేసింది. బియ్యపు గింజకంటే కొంచెం పెద్దది, తెల్లగా ఉంది. అది మ్యాంగో ఫ్లై అనే ఈగ పిల్ల, ఆ ఈగ తడి బట్టల మీద గుడ్లు పెట్టి పోతుంది, ఆ బట్ట తొడుక్కుంటే పిల్ల పురుగు చర్మంలోకి దూరుతుంది. వేడి తగిలితే గుడ్లు చస్తాయి. అందుకే బట్టలు నేలమీద ఆరేయొద్దు, కుట్లు, నాడాలు, ఎలాస్టిక్ దగ్గర ఇంకా గట్టిగా ఇస్త్రీ చేయండి.

తిండికి మనవాళ్లు అంత ఇబ్బంది పడరు. పోషో అంటే మన మక్క గట్కనే, కాస్త గట్టిగా ఉంటుంది. కాలో అనేది తైదల పిండి, కర్రపెండలం పిండి కలిపి చేసిన ముద్ద, పల్లీల పులుసుతో బాగుంటుంది. మటోకే, అంటే అరటాకుల్లో చుట్టి ఉడికించిన పచ్చి అరటికాయ, నాకు నెల దాకా గొంతు దిగలేదు, తర్వాత అదే కావాలనిపించింది. దేంట్లోనూ కారం ఉండదు. కిలో కారం పొడి, ఒక సీసా మామిడికాయ తొక్కు చాలు, సూట్‌కేస్ నిండా తొక్కులు మోసుకుపోకండి. సకినాలు మాత్రం తీసుకుపోండి, మా బడి టీచర్లకు అవి తెగ నచ్చాయి.

గడియారం దగ్గర జాగ్రత్త. లుగాండా భాషలో గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు, పొద్దున ఏడు అంటే వాళ్లకు ఒకటి. నేను నాలుగు ముక్కలు నేర్చుకున్న పొగరుతో, "స్సావా బ్బిరి" మీటింగ్ అంటే రెండింటికే కదా అని మధ్యాహ్నం రెండుకు తయారై పోయా. అది పొద్దున ఎనిమిదింటికే అయిపోయింది.

అసలు కష్టం వేరే ఉంది. మీరు తెల్లవాళ్లు కాదు, అక్కడ మిమ్మల్ని వాలంటీర్ అని ఎవరూ అనుకోరు, "నీ కొట్టు ఎక్కడ?" అని అడుగుతారు. 1972లో అప్పటి నియంత ఇదీ అమీన్ ఆసియావాళ్లను 90 రోజుల్లో దేశం వదిలిపొమ్మన్నాడు, తర్వాత కొంతమంది తిరిగొచ్చారు, ఇవాళ కూడా పెద్ద దుకాణాలు, ఫ్యాక్టరీలు చాలా భారతీయ మూలాలవాళ్లవే. అందుకని "ముయిండి" (అంటే భారతీయుడు) అన్న పిలుపులో అప్పుడప్పుడు సేఠ్ అన్న అర్థం కూడా దాగి ఉంటుంది. వాదించి లాభం లేదు. పని చేస్తున్న మనిషి పక్కనుంచి పోతే "గ్యెబాలే కో" అనండి, చేస్తున్న పనికి మెచ్చుకోలు అన్నమాట, మన ఊళ్లో నాటేసేవాళ్లను పలకరించకుండా పోతే ఎంత తప్పో అక్కడ కూడా అంతే. పెద్దాయనైతే "స్సెబో", పెద్దామె అయితే "న్న్యాబో" చేర్చండి. పలకరింపు అయ్యాకే పని మాట, ఆగం చేయొద్దు. నేను మొదటి రోజు స్టాఫ్ రూమ్‌లోకి పోగానే "చాక్‌పీసులు ఎక్కడ?" అన్నా, రెండు వారాలు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు.

అప్పు అడుగుతారు, ఫీజుకు, మందులకు. ఒకరికి ఇస్తే వారంలో పదిమంది వస్తారు, కాబట్టి ఇవ్వాలనుకుంటే బడి ద్వారానే ఇవ్వండి, ఆ మాట మొదటి వారంలోనే నవ్వుతూ చెప్పేయండి.

మిగతావి చిన్నవి. ప్లగ్గులకు మూడు చదునైన పిన్నులు ఉంటాయి, అడాప్టర్ కొనుక్కోండి. ఫోన్‌పే నడవదు, పాస్‌పోర్ట్ చూపించి సిమ్ తీసుకుంటే మొబైల్ మనీ వస్తుంది, ఎయిర్‌టెల్ అక్కడ కూడా ఉంది. బోడా అనే బైక్ ట్యాక్సీ ఎక్కేముందే రేటు మాట్లాడుకోండి, హెల్మెట్ లేకపోతే ఎక్కకండి. అక్కడ రాత్రి ఏడయితే ఇక్కడ తొమ్మిదిన్నర, అమ్మకు ఫోన్ చేయాలంటే బడి వదలగానే చేయండి.

తిరిగొచ్చాక కొన్ని నెలల దాకా జ్వరం వస్తే మెడికల్ షాపు మాత్రతో సరిపెట్టకండి. అదే రోజు డాక్టర్ దగ్గరికి పోయి, కూర్చోగానే "ఉగాండా నుంచి వచ్చిన, మలేరియా టెస్ట్ చేయండి" అని చెప్పండి. మీరు చెప్పకపోతే ఆయన డెంగ్యూ దగ్గరే మొదలుపెడతాడు.