రోహిణి నక్షత్రాన్ని ఆకాశంలో ఎలా గుర్తుపట్టాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. కృష్ణుడు పుట్టిన నక్షత్రం రోహిణి అంటాం. పంచాంగంలో ప్రతి నెలా ఆ పేరు చదువుతూనే ఉంటాం. ఇంతా చేసి, ఆ చుక్కను కళ్లారా చూసినవాళ్లు మనలో చాలా తక్కువ. చూడటానికి టెలిస్కోపు అక్కర్లేదు. మబ్బు లేని రాత్రి, ఓ మేడ, పావుగంట తీరిక ఉంటే చాలు. ఖగోళ శాస్త్రజ్ఞులు దీన్ని ఆల్డెబరాన్ అంటారు. ఆకాశంలో అన్నిటికన్నా కాంతిగా కనిపించే పదిహేను నక్షత్రాల్లో ఇదొకటి, కాబట్టి ఊరి దీపాల మధ్య నుంచి కూడా దొరుకుతుంది.

ఎప్పుడు చూడాలి?

రోహిణి కార్తెలో మాత్రం వెతక్కండి. మే 25 ప్రాంతం నుంచి రెండు వారాలు సూర్యుడు ఆకాశంలో ఈ నక్షత్రం ఉన్న వైపే ఉంటాడు. ఆ కార్తెకు ఆ పేరు వచ్చిందే అందుకు. అప్పుడు రోహిణి పగలంతా మన నెత్తినే ఉంటుంది గానీ ఎండలో కనబడదు. జూన్ చివరికి తెల్లవారుజామున తూర్పున బయటపడినా, ఆ సరికి నైరుతి మబ్బులు కమ్ముకుంటాయి.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సాయంత్రాలు అనుకూలం. నవంబరు నడుమ రాత్రి ఎనిమిదికి తూర్పు దిక్కున కిందుగా ఉంటుంది. ఆపైన రోజుకు నాలుగు నిమిషాల చొప్పున, అంటే నెలకు రెండు గంటలు, ముందే వస్తుంది.

నన్నడిగితే సంక్రాంతి రోజులను మించినవి లేవు. ఆకాశం తేటగా ఉంటుంది, ఇంటినిండా జనం ఉంటారు, పైగా రాత్రి తొమ్మిది దాటిన కాసేపటికి రోహిణి సరిగ్గా నడినెత్తికి వస్తుంది. సరిగ్గా అని మాటవరసకు అనడం లేదు. 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదున్న ఊళ్లకు ఈ నక్షత్రం నిట్టనిలువుగా తల మీదుగా పోతుంది. విజయవాడ, భీమవరం ఉన్నది అక్కడే! హైదరాబాద్‌లో తేడా ఒక డిగ్రీ కూడా ఉండదు, తిరుపతిలో మూడు డిగ్రీలు. మెడ నొప్పి పుట్టకుండా చాపో నులక మంచమో వేసుకుని వెల్లకిలా పడుకోండి. డాలస్‌లో ఉన్న తెలుగువాళ్లకు ఇది నడినెత్తికి కాస్త దక్షిణంగా, మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్లకు ఉత్తర దిక్కున కనిపిస్తుంది.

ఎలా పట్టుకోవాలి?

మొదట మూడు చుక్కల వరుస. జనవరి నడుమ రాత్రి ఎనిమిదికి తూర్పు ముఖంగా నిలబడి, కాస్త కుడివైపుకు తిరిగి, సగం ఎత్తుకు కొంచెం పైకి చూడండి. ఒకే దూరంలో, ఒకే కాంతితో, గీత గీసినట్టు మూడు చుక్కలుంటాయి. ఓరియన్ అనే నక్షత్రమండలానికి నడుము పట్టీ అదే. ఒకసారి చూస్తే మళ్లీ మరిచిపోరు.

తర్వాత ఆ గీతను మనసులో రెండు వైపులా పొడిగించండి. కిందికి పోతే కళ్లు చెదిరేలా మెరిసే తెల్లటి సిరియస్ వస్తుంది. పైకి పోతే నారింజ రంగు చుక్క, అదే రోహిణి. దూరం కొలవాలంటే చేయి బారుగా చాచి, బొటనవేలి నుంచి చిటికెన వేలికి ఒక జాన పట్టండి. మూడు చుక్కల నుంచి అటు సిరియస్‌కూ ఇటు రోహిణికీ దాదాపు అదే జాన. గీత రోహిణి మీదికి గురిచూసినట్టు పోదు, కాస్త పక్కగా పోతుంది. కంగారుపడకండి, ఆ చుట్టుపక్కల అంత కాంతిగల నారింజ నక్షత్రం ఇంకొకటి లేదు.

అదే దారిలో, చాచిన చేతి పిడికిలితో కొలిస్తే ఇంకో పిడికిలిన్నర ముందుకు వెళ్తే చిన్న చుక్కల గుంపు తగులుతుంది. అవే కృత్తికలు. మన పల్లెల్లో పిల్లలకోడి అనేది వీటినే. మూడు చుక్కలకూ పిల్లలకోడికీ మధ్య ఉన్నది రోహిణి అని గుర్తుంచుకుంటే చాలు.

అదేనని నమ్మకం ఎలా?

రంగును బట్టి మాత్రమే తేల్చకండి. దగ్గర్లోనే ఉన్న ఆర్ద్ర కూడా ఎర్రగానే ఉంటుంది, అది మూడు చుక్కలకు ఎడమ పక్కన. రెండేళ్లకోసారి కుజుడు కూడా ఈ ప్రాంతానికి వచ్చి పోతాడు. కుజుడు మినుకుమినుకుమనడు, నిజమే, కానీ నడినెత్తిన ఉన్నప్పుడు రోహిణి కూడా అంతగా మిణకదు.

నమ్మదగిన గుర్తు దాని పక్కనున్న చుక్కలు. రోహిణి ఒక చివరగా, చిన్న చిన్న చుక్కలతో ఇంగ్లీషు అక్షరం ‘వి’ ఆకారం కనిపిస్తుంది. మన జ్యోతిషంలో రోహిణీ శకటం అన్నది దీన్నే. రోహిణి నుంచి ‘వి’ మొన దాకా వెళ్లే గీత మీద ఒకచోట నిలిచి పరీక్షగా చూడండి. ఒక్కటే అనిపించే చుక్క, చూపు బాగున్నవాళ్లకు రెండుగా విడిపోతుంది. పిల్లలకు ఇదో మంచి పోటీ. విచిత్రమేమిటంటే రోహిణి ఆ గుంపుకు చెందినది కాదు. ‘వి’లోని మిగతా చుక్కలు దాదాపు 150 కాంతి సంవత్సరాల దూరంలో ఉంటే, రోహిణి సుమారు 65 కాంతి సంవత్సరాల దూరంలో, మనకూ వాటికీ నడుమ ఉంది.

రంగు బాగా తెలియాలంటే పది నిమిషాలు ఫోన్ చూడకండి. బైనాక్యులర్ ఉంటే ఫోకస్‌ను కొంచెం చెదరగొట్టండి. చుక్క చిన్న బిళ్లలా పరుచుకుని నారింజ రంగు ఒక్కసారిగా బయటపడుతుంది. వెంటనే సిరియస్‌ను అలాగే చూస్తే తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఆ రంగుకు కారణం వేడి తక్కువ కావడమే. సూర్యుడి ఉపరితలం 5,500 డిగ్రీల సెల్సియస్ అయితే దీనిది 3,600 ప్రాంతం. నడిగర్భంలోని హైడ్రోజన్ అయిపోయి, నక్షత్రం ఉబ్బి, పైపొరలు చల్లబడ్డాయి. వ్యాసం సూర్యుడికి 40 రెట్లకు పైనే, వెలుగు 400 రెట్లకు పైనే. దాదాపు 500 కోట్ల ఏళ్ల తర్వాత మన సూర్యుడికీ ఈ దశ వస్తుంది.

పంచాంగంతో చూడటం

నాకు అన్నిటికన్నా ఇష్టమైన పద్ధతి ఇదే, దిక్కులు కూడా తెలియనక్కర్లేదు. క్యాలెండర్‌లో నక్షత్రం రోహిణి అని ఉన్న రోజు రాత్రి చంద్రుణ్ని చూడండి. ఆయనకు దగ్గరలో ఉన్న నారింజ చుక్కే రోహిణి. దాదాపు 27 రోజులకోసారి ఈ అవకాశం వస్తుంది. కార్తీక పౌర్ణమి దగ్గర వెన్నెల ఎక్కువై ‘వి’ ఆకారం కనబడదు. ఉగాది వెళ్లిన మూడు నాలుగు రోజులకు, పొద్దుగూకాక పడమట సన్నని నెలవంక పక్కన చూస్తే బాగుంటుంది. కృష్ణాష్టమికి అర్ధరాత్రి దాకా మేలుకునేవాళ్లు మబ్బు లేకుంటే తూర్పు వైపు చూడాలి. ఆ వేళకు సగం చంద్రుడూ రోహిణీ ఇంచుమించు కలిసి ఉదయిస్తుంటారు.

దక్షుడి 27 మంది కూతుళ్లలో చంద్రుడికి రోహిణి అంటేనే మక్కువని పురాణ కథ. ఆకాశంలో చంద్రుడు మీదుగా పోతూ కప్పేయగల మంచి కాంతిగల నక్షత్రాలు నాలుగే: రోహిణి, మఖ, చిత్త, జ్యేష్ఠ. అయితే చంద్రుడి దారి ఏటేటా కాస్త జరుగుతుంటుంది కాబట్టి కొన్నేళ్లు రోహిణిని ఆనుకుని, కొన్నేళ్లు పిడికెడు దూరంగా పోతాడు. 2015 నుంచి 2018 దాకా నెలనెలా భూమ్మీద ఎక్కడో ఒకచోట రోహిణిని పూర్తిగా కప్పేశాడు. మళ్లీ అలాంటి వరుస 2033లో మొదలవుతుంది.