హాలీవుడ్ సినిమాల పాత కామిక్స్ ఎలా కొనాలి?

సినిమా కథల్ని బొమ్మలుగా వేసిన ఈ కామిక్స్ కొత్తగా కొన్నవాళ్లు నాకు ఫోటోలు పంపిస్తుంటారు. అన్నీ అట్ట ఫోటోలే. లోపల చూశారా అని అడిగితే, "లేదండీ, ప్లాస్టిక్ కవర్ విప్పితే పాడవుతుందని తీయలేదు" అంటారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చి ఇది రాస్తున్నాను.

ముందు ఏం కొనాలో తేల్చుకోండి. టీవీలో పాత సినిమాలు రాని రోజుల్లో, క్యాసెట్లు లేని రోజుల్లో థియేటర్ నుంచి వెళ్లిపోయిన సినిమాని ఇంట్లో పెట్టుకోవాలంటే కామిక్కే దిక్కు. 1939లో అమెరికాలో డీసీ అనే కామిక్స్ కంపెనీ వాళ్లు 'మూవీ కామిక్స్' పేరుతో సినిమా స్టిల్స్‌కే రంగులద్ది కథగా పేర్చారు. అది ఆరు సంచికలతో ఆగిపోయింది. 1950 ప్రాంతంలో ఫాసెట్ అనే ఇంకో కంపెనీ వాళ్లూ సినిమా కామిక్స్ వేశారు. డెల్ కంపెనీ 'ఫోర్ కలర్' సిరీస్‌లో 1962 దాకా పదమూడు వందలకు పైగా సంచికలు వచ్చాయి, వాటిలో సినిమా కథలు బోలెడు. ఆ తర్వాత గోల్డ్ కీ, మార్వెల్ కంపెనీలు.

మీరు డెల్‌తోనే మొదలుపెట్టాలి. సినిమా మొత్తం ఒక్క సంచికలో అయిపోతుంది. మార్వెల్ 'స్టార్ వార్స్' అయితే మొదటి సినిమా కథకే ఆరు సంచికలు వెతుక్కోవాలి. పైగా బొమ్మలు చూడండి: 1959 'రియో బ్రావో' గీసింది అలెక్స్ టోత్, 1960 'స్పార్టకస్' గీసింది జాన్ బుసేమా. పది సెంట్ల పుస్తకానికి అంతటి చేతులు పనిచేశాయి! బొమ్మ బాగోలేని కామిక్‌ని హీరో ఫోటో కోసం కొనడం నా దృష్టిలో తప్పే.

సామాను పెద్దగా ఏమీ అక్కర్లేదు. మైలార్ అనే ప్లాస్టిక్‌తో చేసిన కవర్లు, పుస్తకం వెనక ఆనించే ఆసిడ్ లేని అట్టలు, ఒక టార్చి, స్కేలు. కాటన్ గ్లౌజులు వేసుకోకండి, వాటితో పేజీ అంచు వేలికి తెలియదు. చేతులు కడుక్కుని బాగా ఆరబెట్టుకుంటే చాలు.

ఇక అందరూ తప్పు చేసేది ఇక్కడే. డబ్బు ఇవ్వకముందే పుస్తకం తెరిచి, పేజీలు లెక్కపెట్టాలి.

డెల్ కామిక్ సాధారణంగా 32 లోపలి పేజీలు. అంటే ఎనిమిది షీట్లు ఒకదానిలో ఒకటి పెట్టి, మధ్యకి మడిచి, అట్టతో కలిపి రెండు పిన్నులు కొట్టారు. ఒక్కో షీటు మీద నాలుగు పేజీలు. అన్నిటికన్నా లోపలి షీటు, అంటే 15 నుంచి 18 పేజీలు, ఆ రెండు పిన్నుల మీదే వేలాడుతుంది. పిన్ను దగ్గర కాగితం చిరిగితే అది జారిపోతుంది, బయటికి పుస్తకం కొత్తదానిలాగే కనిపిస్తుంది. నేను 'రియో బ్రావో' ఒక కామిక్ షోలో నలభై డాలర్లకి కొన్నాను. అట్ట తళతళలాడుతోంది. ఇంటికొచ్చి చదువుతుంటే మధ్యలో కథ ఒక్కసారిగా దూకింది. నాలుగు పేజీలు లేవు. అమ్మినతను అప్పటికి టేబుల్ సర్దేసి వెళ్లిపోయాడు.

తెరవడానికి ఒక పద్ధతుంది. పుస్తకాన్ని బల్ల మీద పెట్టండి, చేతిలో పట్టుకుని తెరవకండి. ఎడమ అరచెయ్యి అట్ట కింద ఆనించి, సగం వరకే, ఎల్ ఆకారంలో తెరవండి. పూర్తిగా పరిచారంటే మడత దగ్గర గీత పడుతుంది, ఆ గీత ఇక పోదు. పేజీ కుడివైపు పై మూల నుంచి, గోరు తగలకుండా, వేలి మెత్తటి భాగంతో పేజీ తిప్పండి. బల్ల మీద గోధుమరంగు పొడి రాలిందా, అక్కడే ఆపేయండి. ఈ కామిక్స్ అచ్చేసింది న్యూస్‌ప్రింట్ మీద, అది చెక్క గుజ్జుతో చేసిన కాగితం. అందులోని లిగ్నిన్ అనే చెక్క పదార్థం గాలికీ వెలుతురుకీ పసుపెక్కి ఆసిడ్ తయారవుతుంది, కాగితం అప్పడంలా విరుగుతుంది. అలాంటిది ఎంత చవకైనా వద్దు.

మధ్యకి వచ్చాక టార్చి వేసి పిన్నులు చూడండి. తుప్పు కాగితంలోకి దిగిందా? మధ్య షీటు రంగు మిగతా పేజీలతో కలుస్తోందా? కలవకపోతే వేరే కాపీలోంచి తెచ్చి పెట్టారు. అట్ట లోపలి వైపు చూడండి, చాలా డెల్ సంచికల్లో అక్కడ సినిమా స్టిల్స్ నలుపు తెలుపులో ఉంటాయి. వాటి మీద రంగు మచ్చ కనిపిస్తే, బయట చెరిగినచోట ఎవరో మార్కర్ పూశారన్నమాట. పేజీలు పసుపెక్కి అంచులు మాత్రం తెల్లగా ఉంటే కత్తిరించారు, అదే సినిమా ఇంకో కాపీ పక్కన పెట్టి స్కేలుతో కొలవండి. షీటు ఊడినా లోపలే ఉంటే పర్వాలేదు. టేపు మాత్రం అతికించకండి, దాని జిగురు కాగితాన్ని తినేస్తుంది.

'స్టార్ వార్స్' మొదటి సంచిక కొనేవాళ్లకి ఒక జాగ్రత్త. మామూలు కాపీ ధర 30 సెంట్లు. కొన్ని ఊళ్లలో కొత్త ధర పరీక్షకని 35 సెంట్లకి అమ్మినవి చాలా ఖరీదు. తర్వాత వచ్చిన రీప్రింట్లలో కొన్నిటి మీద కూడా 35 సెంట్లే ఉంది. ధర చూసి ఆత్రపడి కొనేయకండి, రీప్రింట్ అని ఎక్కడైనా ఉందేమో చిన్న అక్షరాలు కూడా చదవండి.

ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, ఎంత బాగుందో చెప్పే నంబరు వేసినవి నేను కొనను. పేజీ తిప్పలేని పుస్తకం పుస్తకమెలా అవుతుంది?

దాచేటప్పుడు నిలబెట్టి పెట్టండి, ఎండ తగలనీయకండి. విశాఖ, కాకినాడ లాంటి ఊళ్లకి తీసుకెళ్తే బయటి గోడకి ఆనిన బీరువాలో పెట్టకండి, చెమ్మ దిగుతుంది. నాఫ్తలీన్ ఉండలు కూడా వద్దు, ఆ వాసన కాగితానికి పట్టి వదలదు. సిలికా జెల్ పొట్లాలు వేసి, వానాకాలం అయ్యాక ఒకసారి తీసి మధ్య పిన్నులు చూసుకోండి.